రెయిలింగ్ దగ్గర ఎంతసేపు?

అందమైన చోటికి వెళ్లినప్పుడు మనల్ని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు వందమంది. నిలబడి చూసే వీలున్న జాగా పదిమందికి. ముందు వరసలో ఉన్న మనిషి అక్కడ ఎంతసేపు నిలబడొచ్చు?

చట్టం ఏమీ చెప్పదు. టికెట్ మీదా రాసుండదు, చాలాచోట్ల అసలు టికెట్టే ఉండదు. మామూలుగా దీన్ని మర్యాదల ఖాతాలో వేసేసి ఊరుకుంటాం, నీతి దాకా లాక్కెళ్లం. కానీ ఒక అందమైన దృశ్యం మీద నాకున్న హక్కు ఏపాటిది, అది ఎక్కడ ఆగుతుంది అన్న పెద్ద ప్రశ్న తేలాల్సింది ఇలాంటి చిన్న చోట్లనే అని నాకనిపిస్తుంది. పెద్ద ప్రశ్నని పెద్దగానే ఉంచితే ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. నా వెనక ఒక మనిషి నిలబడి ఉంటే మాత్రం జవాబు ఇప్పుడే కావాలి.

నేను తీసుకుంటున్న ఉదాహరణ జపాన్ ఈశాన్యంలో, మియాగి రాష్ట్రంలోని నరుకో గండి. గండి అంటే మనకి గండికోట గుర్తొస్తుంది. ఇక్కడ కూడా ఒక నది కొండని నిలువునా కోసుకుంటూ పోయింది. లోతు సుమారు 100 మీటర్లు. రెండువైపులా నిట్రమైన రాతిగోడలు, ఆ గోడలకి పట్టుకుని వేలాడుతున్నట్టుగా బీచ్, ఓక్, మేపుల్ చెట్లు, మధ్యమధ్య పైన్‌లు. అక్టోబర్ చివర్లో మొదలై నవంబర్ మొదటి వారం దాకా ఆ చెట్లన్నీ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. గండి మీదుగా ఓఫుకజవా వంతెన ఉంది. 47వ నంబర్ జాతీయ రహదారి దాని మీంచే పోతుంది. అంటే ఆ వంతెన కట్టింది లారీలు అటునుంచి ఇటు దాటడానికి, నాలాంటివాడు ఆకులు చూడ్డానికి కాదు. దాని పక్కనున్న ఫుట్‌పాత్ మీద నిలబడితే కింద గండి, ఎదురుగా కొండలోంచి బయటపడే రైలు సొరంగం కనిపిస్తాయి. నేను వెళ్లినప్పుడు ఆ లైన్లో రోజుకి తిరిగే బళ్లు కొన్నే. సొరంగంలోంచి బయటికొచ్చిన రైలు ఎర్రాకుల మధ్య కనబడేది కొద్ది క్షణాలు. ఆ క్షణాల కోసం జనం కాచుకుని ఉండేవారు.

ఇలా ఎర్రాకులు చూడ్డానికి వెళ్లడాన్ని జపనీస్‌లో ‘మొమిజిగారి’ అంటారు. మాటకి మాట చెప్పాలంటే ఎర్రాకుల వేట. చెర్రీ పూలు దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతూ వస్తే, ఆకుల రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ పైనుంచి కిందికి దిగుతుంది. ఏ ఊళ్లో ఎప్పుడు రంగు తిరుగుతుందో ముందే అంచనాలు వస్తాయి. కాబట్టి ఆ నాలుగు రోజులకే అందరూ వస్తారు.

ఇక్కడ జరిగేదాన్ని సాఫ్ట్‌వేర్ వాడిగా నేనిలా అర్థం చేసుకుంటాను. ఒక ఫైల్‌ని వెయ్యిమంది ఒకేసారి చదివినా ఎవరికీ నష్టం లేదు. రాయాల్సి వస్తేనే లాక్ కావాలి. దృశ్యాన్ని చూడడం కూడా చదవడం లాంటిదే. నేను చూసినంత మాత్రాన ఆకుల్లో ఒక్క పిసరు రంగు తగ్గదు. కానీ ఆ ఫైల్ ఉన్న సర్వర్‌కి కనెక్షన్లు ఉన్నవి పదే. చదవడం ఉచితమే, కనెక్షన్ ఉచితం కాదు. పని అయిపోయాక కూడా కనెక్షన్ వదలకుండా పట్టుకుని కూర్చునే ప్రోగ్రామ్‌లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. అవి తప్పుడు లెక్కలేమీ చెయ్యవు, ఎవరి డేటానీ పాడుచెయ్యవు. వెనకున్నవాళ్లు టైమౌట్ అయిపోతుంటారు, అంతే. రెయిలింగ్ సమస్య అచ్చం ఇదే. అందం తరగదు. దాని ముందు నిలబడే చోటు, ఆ చోట్లో గడిపే సమయం, ఈ రెండే తరుగుతాయి.

2018 నవంబర్ మొదటి వారంలో నేనూ, నాతో పాటు ఆఫీసు పని మీద టోక్యో వచ్చిన ఒక స్నేహితుడూ అక్కడికి వెళ్లాం. ఫురుకవా దాకా షింకన్‌సెన్, అక్కణ్ణుంచి డీజిల్ బండి, తర్వాత బస్సు. వంతెన మీద రెయిలింగ్ దగ్గర ఒక పెద్దాయన ట్రైపాడ్ వేసుకుని ఉన్నాడు. ఆయన వాలకం చూస్తే చాలాసేపట్నుంచీ అక్కడే ఉన్నట్టు తెలుస్తోంది. ఫ్లాస్కు, మడత స్టూలు, జేబులో రైళ్ల టైమ్‌టేబుల్ కాయితం. కాసేపటికి ఒక ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, ఏమీ మాట్లాడకుండా ట్రైపాడ్ మడిచి పక్కకి జరిగి, చేత్తో ‘రండి’ అన్నట్టు చూపించాడు. ఆవిడ వంగి నమస్కారం పెట్టి రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. రైలు అప్పుడే వచ్చింది. పెద్దాయన కెమెరా తియ్యలేదు. ఆవిడ భుజం పక్కనుంచి మామూలు కళ్లతోనే చూశాడు.

“పొద్దుట్నుంచీ కాసి చివర్లో వదిలేశాడేంట్రా, పిచ్చా?” అన్నాడు మావాడు. తర్వాత తిరుగు రైల్లో దీని మీదే వాదన. “ముందొచ్చాడు, చలిలో నిలబడ్డాడు. ఆ జాగా ఆయనది. ఇవ్వడం ఆయన మంచితనం. ఇవ్వకపోతే తప్పేం లేదు. మనం కూడా అంత దూరం నుంచి డబ్బు పెట్టుకుని వచ్చాం, ఎవడో వచ్చాడని ఎందుకు జరగాలి?”

ఈ వాదాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి లేదు. దాని వెనక జాన్ లాక్ ఉన్నాడు.

ఎవరికీ చెందని ప్రకృతిలో ఏదైనా ఒకరి సొంతం ఎలా అవుతుంది అన్న ప్రశ్నకి లాక్ చెప్పిన జవాబు శ్రమ. నీ కష్టం కలిపావు కాబట్టి అది నీది. అయితే ఒక షరతు ఉంది: మిగతావాళ్లకి కూడా సరిపడినంత, అంతే మంచిది మిగలాలి. దీనికి ఆయన నీళ్ల ఉదాహరణ ఇస్తాడు. ఒక మనిషి నదిలో దప్పిక తీరా తాగినా వెనకవాడికి నది మొత్తం మిగిలే ఉంటుంది, కాబట్టి తాగినవాడు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఈ లెక్కన చలిలో నిలబడడం కూడా శ్రమే. పెద్దాయన హక్కు గట్టిది.

ఇక్కడ నాకు సరదాగా అనిపించే కాకతాళీయం ఒకటుంది. లాక్ పుస్తకం లండన్‌లో వెలువడింది 1689 చివర్లో, టైటిల్ పేజీ మీద మాత్రం 1690 అని ఉంటుంది. అదే 1689లో కవి బషో ఉత్తర జపాన్‌లో కాలినడకన తిరుగుతూ ఈ నరుకో ప్రాంతం గుండానే వెళ్లాడు. ఇక్కడి షితొమాయె అనే సరిహద్దు కావలి దగ్గర ఆయన్ని ఆపేశారు. ఆ దారిన ప్రయాణికులు రావడం అరుదు కాబట్టి కావలివాళ్లు అనుమానించారని, ఎలాగో దాటామని తన యాత్రాకథనంలో రాశాడు. దాటాక కొండ మీద ఒక సరిహద్దు కాపలాదారు ఇంట్లో వర్షానికి చిక్కుకుని ఉండిపోవాల్సి వచ్చింది. పేలూ గుర్రమూ ఆ రాత్రులకి తోడు. అప్పట్లో ఈ దారికున్న ఇబ్బంది ఎవరూ రాకపోవడం. బషో ఆ గండి ముందు రోజంతా నిలబడినా వెనక ఎవరూ ఉండరు. లాక్ షరతు దానంతటదే నెరవేరుతుంది.

ఇప్పుడు వెనక మనుషులున్నారు. దాంతో లాక్ ఉదాహరణ తలకిందులవుతుంది. వంతెన కింద నది ఎంత పారుతున్నా, నీళ్లు ముంచుకునే రేవు ఒక్కటే ఉంది. రేవులో నేను నిలబడి ఉన్నంతసేపూ వెనకవాడికి ‘నది మొత్తం మిగిలి’ ఉన్నట్టు కాదు. పైగా అది నాలుగు రోజుల రంగు, కొద్ది క్షణాల రైలు. సాయంత్రం అయిదింటికల్లా చీకటి. అంతే మంచిది ఇంకొకటి మిగలదు. అంటే లాక్‌ని నమ్ముకుంటే కూడా, ముందొచ్చినవాడి హక్కు వెనక మనిషి వచ్చేదాకానే నిక్కచ్చిగా నిలుస్తుంది. ఆ తర్వాత అదీ బేరంలోకి వస్తుంది.

కానీ లాక్ సాయంతో నేను చెప్పగలిగింది ఇంతే: పెద్దాయన హక్కు పూర్తిది కాదు అని. ఆయన జరగడం ఎందుకు సబబుగా కనబడిందో లాక్ చెప్పడు. అది నాకు కాంట్ దగ్గర దొరికింది. కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటి పెద్దగా వెళ్లని ఆ మనిషి, 1790లో అచ్చయిన తన మూడో ‘క్రిటిక్’లో అందం గురించి రాసిన మూడు మాటల్ని కలిపి చూస్తే ఈ వంతెన మీద జరుగుతున్నదంతా అర్థమవుతుంది.

మొదటిది. ‘నాకు ఈ కాఫీ నచ్చింది’ అనడం వేరు, ‘ఇది అందంగా ఉంది’ అనడం వేరు. మొదటి మాటలో నేను నా గురించే చెప్తున్నాను. మీకు నచ్చకపోయినా గొడవ లేదు. రెండో మాట అన్నప్పుడు మీరు కూడా ఒప్పుకోవాలని అడుగుతున్నాను. రుజువు చెయ్యలేను, అయినా అడుగుతాను. అందంగా ఉంది అన్న ప్రతి మాట అందరినీ ఉద్దేశించిందే.

రెండోది. ఈ ఒప్పుకోలు అరువు తెచ్చుకుంటే చెల్లదు. వందమంది బాగుందన్నారు కాబట్టి బాగుందని నేననలేను. నా అంతట నేను చూసి అనాలి. ఈ రెండూ కలిపితే ఏం తేలుతుంది? ‘ఎంత అందంగా ఉందో!’ అని నేనంటే, మీరూ ఒప్పుకోవాలి అని అడిగినట్టు. మీరు ఒప్పుకోవాలంటే మీ కళ్లతో మీరు చూడాలి. మీరు చూడాలంటే మీరు ఇక్కడికి రావాలి. ఈ చివరి మెట్టు కాంట్‌ది కాదు, నాది. కానీ మొదటి రెండూ ఒప్పుకుంటే మూడోది తప్పించుకోవడం కష్టం. అందంగా ఉంది అనడం ఒక రకంగా పిలుపు.

కాబట్టి పర్యాటక స్థలాల్లో మనం అందరం చేసే ఆ పాత ఫిర్యాదు, ‘చోటు అద్భుతం, జనమే ఎక్కువ’ అన్న మాట, వినడానికి మామూలుగా ఉంటుంది కానీ లోపల అతకదు. మొదటి సగంలో అందరినీ పిలుస్తున్నాం, రెండో సగంలో వచ్చినందుకు విసుక్కుంటున్నాం. ఆ జనం ఎక్కణ్ణుంచో దిగిన వేరే జాతి కాదు. నేను దేన్ని అందం అన్నానో దాన్నే అందం అని నమ్మి, నాలాగే రైళ్లు మారి వచ్చినవాళ్లు. నా తీర్పుని ఒప్పుకున్నవాళ్లు.

ఇక మూడోది, దీనితోనే చిక్కు. అందమైనదాని ముందు మనం ఆగిపోతాం అంటాడు కాంట్. ఆ చూపు తనని తానే బలపరుచుకుంటూ పోతుంది, అందుకే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. ఇది నిజం. ముప్పై సెకన్లలో చూసి జరిగిపోయేదైతే అది అందం దాకా రాలేదనే చెప్పాలి. నరుకోలో మొదటి చూపుకి అంతా ఒకే ఎరుపుగా కనబడుతుంది. రెండు మూడు నిమిషాలు గడిచాకే పసుపు ఎక్కడ మొదలైందో, పైన్‌ల పచ్చదనం లేకపోతే ఈ ఎరుపు ఇంత ఎరుపుగా ఉండదని, నీడ పడిన గోడ మీద అవే ఆకులు ఊదారంగులోకి తిరిగాయని తెలుస్తుంది. ఆ పసుపు ఎండాకాలం అంతా ఆకులోనే ఉన్నదే. పత్రహరితం విరిగిపోయాక బయటపడింది. ఎరుపు మాత్రం చాలావరకు ఆకు చివరి రోజుల్లో కొత్తగా తయారుచేసుకున్నది. రాలిపోబోయే ఆకు ఖర్చుపెట్టి మరీ రంగు ఎందుకు చేసుకుంటుందన్నది జీవశాస్త్రజ్ఞుల మధ్య ఇంకా నడుస్తున్న వాదన. ఎండ దెబ్బ నుంచి కాపాడుకోడానికని కొందరు, పురుగులకి హెచ్చరిక అని కొందరు. ఏదైనా మనకోసం మాత్రం కాదు. ఇలాంటివన్నీ తోచాలంటే నిలబడాలి.

అంటే, అందం మనతో రెండు పనులు చేయిస్తుంది. ఆగమంటుంది, ఇంకొకర్ని పిలవమంటుంది. చోటు ఇరుకైనప్పుడు ఆ రెండూ ఢీకొంటాయి. ఇన్నాళ్లూ నేను దీన్ని నాకూ గుంపుకీ మధ్య తగాదా అనుకుంటూ వచ్చిన ఆలోచనలు చాలా చదివాను. నాకిప్పుడు అది అందం లోపలే ఉన్న తగాదాగా కనబడుతోంది. గుంపు దాన్ని బయటపెడుతుంది, అంతే.

ఈ తగాదాని సంస్థలు రకరకాలుగా తీర్చాయి. క్యోటోలోని తొఫుకుజి అనే జెన్ ఆలయంలో లోయ మీద త్సుతెన్‌క్యో అనే కప్పున్న వంతెన ఉంది. చుట్టూ రెండువేల దాకా మేపుల్ చెట్లు. అక్కడ చెర్రీలు ఎందుకు లేవంటే ఒక కథ చెప్తారు. 15వ శతాబ్దం తొలినాళ్లలో మించో అనే భిక్షువు, చిత్రకారుడు కూడా, చెర్రీలుంటే జనం విలాసానికి పోగవుతారని షోగన్‌కి చెప్పి వాటిని కొట్టేయించాడట. ఆరువందల ఏళ్ల తర్వాత మిగిలిన మేపుల్ చెట్ల కోసం అదే చోటికి జనం విరగబడి వస్తున్నారు. తొక్కిసలాట భయంతో 2016 నుంచి నవంబర్ రద్దీ రోజుల్లో ఆ వంతెన మీద ఫోటోలు తియ్యడం మానిపించారు. నడుస్తూ చూడండి, ఆగకండి అని. ఇంకోచోట, ఫుజి పర్వతం దగ్గరి ఫుజికవాగుచికోలో, ఒక దుకాణం వెనక కొండ కనబడే దృశ్యం కోసం రోడ్డు మీదకి ఎగబడే జనంతో విసిగి 2024 మేలో 20 మీటర్ల పొడవున నల్ల తెర కట్టేశారు. జనం దానికి చిల్లులు పొడిచి మరీ చూశారు. ఆగస్టులో తుఫాను జాగ్రత్తగా తెర దింపారు.

తెర కట్టడం అంటే పిలుపునే రద్దు చెయ్యడం. ఆగకుండా నడిపించడం అంటే ఆగడాన్ని రద్దు చెయ్యడం. రెంటిలో రెండోది మేలు. మనకి ఇది కొత్తేం కాదు. తిరుమలలో గంటల తరబడి క్యూలో నిలబడి, గర్భగుడి ఎదుటికి రాగానే ‘జరగండి, జరగండి’ అన్న మాటతో పాటు భుజం మీద చెయ్యి పడుతుంది. ఆ చెయ్యి మీద మనకి ఎంత కోపం ఉన్నా, అది లేకపోతే వెనకున్న వేలమందికి దర్శనం లేదని కూడా మనకి తెలుసు. కాకపోతే అక్కడ జరగాలా వద్దా అని నేను ఆలోచించక్కర్లేదు. ఆ భారం వేరేవాళ్లు మోస్తున్నారు.

నరుకో వంతెన మీద ఆ చెయ్యి లేదు. అది జాతీయ రహదారి, ఎవరూ ఎవర్నీ జరగమనరు. అందుకే అక్కడ జరిగినదానికి విలువుంది. ‘అది మంచితనం, బాధ్యత కాదు’ అన్న మావాడి మాటని నేను సగమే ఒప్పుకుంటాను. పెద్దాయన జరగకపోతే ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేరు, నిజమే. ఏ పోలీసూ, ఏ పక్కవాడూ. కానీ తప్పుపట్టడానికి వేరేవాళ్లకి హక్కు లేని ప్రతిదీ మన ఇష్టాయిష్టాలకి సంబంధించిందే అయిపోదు. పొద్దుట్నుంచీ ఆ ఆకుల్ని అందమైనవిగా చూస్తూ నిలబడిన మనిషి, అదే అందం కోసం కూతురి చెయ్యి పట్టుకుని వచ్చినావిడకి అడ్డంగా నిలబడితే, ఆయన చేస్తున్న పనికీ ఆయన చూస్తున్న చూపుకీ పొసగదు. ఆయన ఆవిడకి బాకీ పడ్డాడని కాదు. తను చూస్తున్నది అందం అయితే అది తనొక్కడికే అన్నట్టు ఉండడం కుదరదు. అంతవరకే.

దీనికి ఒక మూల్యం ఉంది, దాన్ని దాచకూడదు. అందరూ త్వరత్వరగా జరిగితే ఎవరూ నిజంగా చూడని రోజు వస్తుంది. అందరికీ సమానంగా పంచి అందరికీ తక్కువ చెయ్యడం న్యాయమా? మావాడి చివరి మాట కూడా ఇదే: “అందరం అరకొరగా చూసేకంటే కొందరు పూర్తిగా చూడడం నయం కదా.” ఆ కొందరిలో తను ఉంటాడన్న నమ్మకం లేకుండా ఈ మాట ఎవరైనా అనగలరా అని నా అనుమానం. అయినా అందులో ఉన్న భయం నిజమైంది.

నాకు తోచిన దారి ఏంటంటే, ఆగడాన్నీ రెయిలింగ్‌నీ విడదీసి చూడడం. వంతెన మనకి ఇచ్చేది రంగు కాదు. రంగు ఆ కొండల్లో ఎక్కడైనా ఉంది, బస్టాపు వెనకున్న ఒంటరి మేపుల్ చెట్టు కింద కూడా. ఆ చెట్టు ముందు ఎవరూ లేరు. గంటసేపు నిలబడినా ఎవరికీ తగ్గదు, బషోకి దొరికిన ఏకాంతం దాని ముందు ఇప్పటికీ దొరుకుతుంది. వంతెన ఇచ్చేది ఎత్తు ఒక్కటే, గండి మొత్తం ఒక్క చూపులో పట్టే ఎత్తు. ఆ ఒక్కదానికోసం నిలబడాలి. మిగతా తీరుబడి చూపంతా వెనకెవరూ లేని చోట ఖర్చుపెట్టుకోవచ్చు. అలా చేస్తే ఏమీ పోదు అనను. ఎత్తు నుంచి తీరుబడిగా చూసే సుఖం కొంత పోతుంది. పోవాల్సిందే.

మరి ఎంతసేపు అన్నదానికి నిమిషాల్లో జవాబు నా దగ్గర లేదు. వెనక ఎవరూ లేకపోతే చీకటి పడేదాకా ఉండొచ్చు. వెనక మనిషి ఉన్నప్పుడు, ‘చాలా బాగుంది, మీరూ చూడండి’ అని మనస్ఫూర్తిగా అనగలిగేంత చూసేదాకా ఉండొచ్చు. దానికి రెండు నిమిషాలు పట్టొచ్చు, అయిదు పట్టొచ్చు. ఆ మాట అన్నాక మాత్రం పక్కకి జరగాలి.